విజయనగరంలో ఒక రోజు: ఎక్కడ నడవాలి, ఎక్కడ ఆగాలి, ఏది వదిలేయొచ్చు

విశాఖలో నాలుగు రోజులుంటాం, అందులో ఒక రోజు విజయనగరానికి పెట్టుకున్నాం, వెంట డెబ్బై దాటిన అమ్మ, పదేళ్ల లోపు పిల్లలిద్దరు ఉంటారు, కోట, గంటస్తంభం తప్ప ఇంకేమైనా ఉందా అని అడిగారు. కారు మాట్లాడుకోవాలా, రైలు చాలా, దసరా తర్వాత వస్తే సిరిమాను, అంటే పైడితల్లమ్మ జాతరలో కొన మీద పూజారిని కూర్చోబెట్టి తిప్పే పొడుగు మాను, చూడొచ్చా అని కూడా అడిగారు. అన్నిటికీ చెప్తానండి, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు, నెట్‌లో దొరికే జాబితాల సంగతి. విజయనగరం అని వెతకగానే మోతీ మహల్, కోరుకొండ ప్యాలెస్, అలకనంద ప్యాలెస్, పూల్‌బాగ్ అంటూ రాజభవనాల పేర్లు వరసగా వస్తాయి. వాటిని నమ్ముకుని కారేసుకుని బయల్దేరితే రోజంతా గేట్ల దగ్గర అడిగించుకోవడంతోనే సరిపోతుంది. మోతీ మహల్ 1869లో దర్బారు హాలుగా కట్టిన భవనం, కోట లోపల ఉండేది. 2020లో దాన్ని తీసేశారు. ఫొటోలు మాత్రం ఇప్పటికీ తిరుగుతున్నాయి. కోరుకొండ ప్యాలెస్‌లో 1962 నుంచి సైనిక్ స్కూల్ నడుస్తోంది, ఊరికి పన్నెండు కిలోమీటర్ల దూరం, చూద్దామని వెళ్తే లోపలికి పంపరు. పూల్‌బాగ్ అన్నది ఇప్పుడు ఒక పేట పేరు. అలకనంద కూడా టికెట్ కొనుక్కుని తిరిగే చోటు కాదు. ఇవన్నీ కొట్టేయండి.

మిగిలేది ఏమిటంటే పైడితల్లమ్మ గుడి నుంచి కోట దాకా ఉన్న దారి. దానికి అటూ ఇటూ రెండు చెరువులు, పాత వీధులు, గురజాడవారి ఇల్లు, సంగీత కళాశాల. ఈ ఊరి చరిత్ర అంతా ఆ దారి చుట్టూనే జరిగింది, ఏటా సిరిమాను తిరిగేదీ ఆ దారిలోనే. అదంతా నడిచి చూసే దూరంలో ఉంది. మధ్యలో అమ్మగారికి ఆటో చాలు.

రావడానికి రైలు మంచిది. విశాఖ నుంచి 61 కిలోమీటర్లు, ఎక్స్‌ప్రెస్‌లో గంట అటూఇటూ పడుతుంది. హౌరా లైనులో పోయే బళ్లు చాలావరకు ఇక్కడ ఆగుతాయి. రాయపూర్ లైను ఇక్కడే విడిపోతుంది కాబట్టి ఆ బళ్లు కూడా పనికొస్తాయి. బస్సయితే విశాఖ కాంప్లెక్స్‌లో విజయనగరం నాన్‌స్టాప్ ఎక్కండి. తగరపువలస, చింతలవలస మీదుగా వస్తుంది, ట్రాఫిక్‌ను బట్టి గంటన్నర నుంచి రెండు గంటలు. కారులో వస్తే కోట చుట్టుపక్కల, గంటస్తంభం దగ్గర బండి పెట్టే చోటు దొరకదు, డ్రైవరు ఊరి చుట్టూ తిరుగుతూ ఉండాల్సి వస్తుంది. పొద్దున్న ఏడు, ఏడున్నరకి ఊళ్లో దిగేలా చూసుకోండి. పదకొండు దాటాక కోట దగ్గర నీడ దొరకదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో పెద్దవాళ్లతో మాత్రం వద్దు. ఇంకో సంగతి, ఉత్త దర్శనానికైతే మంగళవారం పెట్టుకోకండి. అమ్మవారి వారం అది, వరస పొడుగ్గా ఉంటుంది.

స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా వనంగుడి. పైడితల్లమ్మకి రెండు గుళ్లు. స్టేషన్ దగ్గరిది వనంగుడి, మూడులాంతర్ల దగ్గరిది చదురుగుడి. వెలుపలివాళ్లు రెండోదే చూసి వెళ్లిపోతారు, కానీ కథ మొదలయ్యేది ఇక్కడ. 1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధం. ఫ్రెంచి సేనాని బుస్సీ దళం అండతో విజయనగరం రాజు విజయరామరాజు బొబ్బిలి కోట మీద పడ్డాడు, కోట కూలింది. ఆ తర్వాత తన గుడారంలోనే తాండ్ర పాపారాయుడి కత్తికి బలయ్యాడు. రాజు చెల్లెలు పైడిమాంబ ఆ వార్త తట్టుకోలేక పెద్ద చెరువులో పడి ప్రాణం విడిచిందనీ, తర్వాత చెరువు పడమటి గట్టున విగ్రహమై దొరికిందనీ ఈ ఊరి నమ్మకం. జాలరుల సాయంతో విగ్రహాన్ని చెరువులోంచి తీయించిన పతివాడ వారి వంశంలోనే పూజారితనం ఈరోజుకీ నడుస్తోంది. పిల్లలకి ఈ కథ వనంగుడిలోనే చెప్పేసి బయల్దేరండి, మిగతా ఊరంతా వాళ్లకి దానంతటదే తెలుస్తుంది. గుడి చిన్నదే, పావుగంట చాలు.

అక్కణ్ణుంచి పెద్ద చెరువు గట్టు మీదుగా నడవండి. పొద్దుటి పూట గట్టు మీద నడిచేవాళ్లు చాలామంది ఉంటారు. వానాకాలం వెళ్లాక చెరువు నిండుగా ఉంటుంది, ఎండాకాలంలో గుర్రపుడెక్క కమ్మేస్తే నీళ్లు కనబడకపోవచ్చు. ఈ నడక అమ్మగారికి కష్టమైతే ఆటోలో నేరుగా మూడులాంతర్లకి పంపించండి. 'మూడులాంతర్లు' అంటే ఏ ఆటో అతనికైనా తెలుసు, 'పైడితల్లి టెంపుల్' అంటే ఒక్కోసారి వనంగుడి దగ్గరే దింపేస్తారు.

మూడులాంతర్ల జంక్షన్‌లో చదురుగుడి. ఊరికి నడిబొడ్డు ఇదే. ఉత్సవ విగ్రహం ఏడాదిలో కొంతకాలం వనంగుడిలో, కొంతకాలం ఇక్కడ ఉంటుంది. వేసవిలో అమ్మవారిని వనం నుంచి చదురుకి ఊరేగింపుగా తెస్తారు, దాన్ని దేవర ఉత్సవం అంటారు. దర్శనం అయ్యాక గుడి ముందు నిలబడి కోట వైపు చూడండి. ఇక్కణ్ణుంచి కోటకి కిలోమీటరు కూడా ఉండదు. రాజుగారి ఇంటికీ ఆడపడుచు గుడికీ మధ్య దారి అది. ఏటా సిరిమాను గుడి నుంచి కోటకి, కోట నుంచి గుడికి మూడుసార్లు తిరిగేది ఇందుకే. మామూలు రోజుల్లో చూస్తే బట్టల కొట్లు, చెప్పుల కొట్లు, కూరగాయల బళ్లు ఉన్న ఉత్త బజారు.

కోట గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే చాలామంది గుమ్మం ముందు ఫొటో దిగి, లోపల ఏమీ లేదండీ అని వెనక్కి తిరిగేస్తారు.

1713లో పూసపాటి విజయరామరాజు కట్టించిన కోట ఇది. అంతకుముందు వాళ్ల రాజధాని కుమిలి, రామతీర్థం అవతల ఉంది, మట్టికోట. కొత్త కోటకి ఈ చోటు చూపించింది మహబూబ్ వలీ అనే ఫకీరని చెప్పుకుంటారు, అడవిలో తపస్సు చేసుకుంటున్నాయనట. శంకుస్థాపనకి ఐదు విజయాలు కలిసేలా ముహూర్తం పెట్టారు: రాజు పేరులో విజయం, ఊరి పేరులో విజయం, విజయ నామ సంవత్సరం, విజయదశమి, మంగళవారం. మంగళవారాన్ని జయవారం అంటారు కదా. లెక్క వేసుకోండి, అరవై ఏళ్ల చక్రం ఐదుసార్లు తిరిగి విజయ నామ సంవత్సరం మళ్లీ వచ్చింది 2013లో. ఈ ఊరికి మంగళవారం మీదా దసరా మీదా ఉన్న పట్టింపు ఆనాటి నుంచీ ఉంది.

కోట చదరంగా ఉంటుంది, దాదాపు 26 ఎకరాలు, గోడల ఎత్తు సుమారు 10 మీటర్లు, నాలుగు మూలలా రాతి బురుజులు, చుట్టూ అగడ్త. ముందు గుమ్మం నగారాఖానా. పైనున్న గదులకేసి చూడండి. రాజాజ్ఞ చాటేటప్పుడూ, గొప్ప అతిథులు వచ్చినప్పుడూ నగారా మోగించింది అక్కణ్ణుంచే. గుమ్మటాలు, తోరణాల పని రాజస్థానీ తీరులో ఉంటుంది. మన వైపు ఆలయ గోపురాలు చూసిన కంటికి వెంటనే తేడా తెలుస్తుంది. వెనక వైపు ఇంకో గుమ్మం ఉంది, అదే పోలిక, కొలతలు చిన్నవి. పూర్వం రాజుల సమాధులకి వెళ్లే దారి అది. ముందు గుమ్మం చూసినవాళ్లలో నూటికి తొంభై మంది దీన్ని చూడరు. గోడ వెంట నడుచుకుంటూ వెనక్కి వెళ్తే బురుజు ఎలా లోపలికి ఏటవాలుగా లేచిందో, గోడ ఎంత మందమో దగ్గర్నుంచి కనిపిస్తుంది. గోడ పైభాగంలోనే వెడల్పు 8 నుంచి 16 మీటర్ల దాకా ఉంటుంది. ఫిరంగి గుండు తగిలితే నిలబడాలంటే ఆపాటి మందం ఉండాల్సిందే.

లోపల మ్యూజియం లేదు, సింహాసనం లేదు. 1958లో ఈ రాజవంశానికి చెందిన పి.వి.జి. రాజు మాన్సాస్ ట్రస్టు పెట్టి కోటను చదువుకి ఇచ్చేశారు, అందుకే లోపల కాలేజీలు నడుస్తున్నాయి. కాబట్టి పని రోజుల్లో పొద్దున్న తరగతులు మొదలవకముందు గానీ సాయంత్రం గానీ వెళ్తే బాగుంటుంది. గుమ్మం దగ్గర కాపలా మనిషిని అడిగి వెళ్లండి. 'కోట చూసుకుంటాం బాబూ, పిల్లలకి చూపిస్తాం' అంటే సాధారణంగా కాదనరు, పరీక్షల రోజుల్లో మాత్రం లోపలికి వదలరు. తరగతి గదుల వైపు ఫొటోలు తీయకండి. మొత్తం మీద బయట చుట్టూ నడవడానికి ముప్పావుగంట, లోపల పదిహేను నిమిషాలు లెక్కేసుకోండి.

కోట పక్కనే బొంకులదిబ్బ. కన్యాశుల్కం నాటకం తెర లేచేది ఈ చోటే, గిరీశం మొదటిసారి కనిపించేది ఇక్కడే. వెళ్తే దిబ్బా కనపడదు, బోర్డూ ఉండదు, బళ్లూ కొట్లూ నిండిన చోటు. అయినా నాటకం చదివినవాళ్లు అక్కడ నిలబడకుండా వెళ్లలేరు. నడిచేంత దూరంలోనే గురజాడ అప్పారావుగారి ఇల్లు ఉంది. దాన్ని స్మారకంగా ఉంచారు. మధ్యాహ్నం మూసి ఉండొచ్చు, అందుకే పొద్దుటి వరసలో పెట్టమంటున్నాను. మూసి ఉంటే పక్కింటివాళ్లని అడగండి, తాళం ఎవరి దగ్గరుందో చెప్తారు. ఇంట్లోకి వెళ్లేముందు పెద్ద పిల్లకి ఒక సంగతి చెప్పండి. ఆనందగజపతి మహారాజు ఈ ప్రాంతంలో మూడేళ్లలో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల లెక్క తీయిస్తే 1034 తేలాయి. నాటకం 1892లో ఆడారు, 1897లో అచ్చయింది, ఆ రాజుకే అంకితమిచ్చారు. మనకి నవ్వు తెప్పించే ఆ నాటకం వెనక ఉన్న లెక్క అది. ఇల్లు చిన్నది, ఇరవై నిమిషాలు.

ఇక సంగీత కళాశాల. నన్నడిగితే విజయనగరంలో ఒక్కటే చూడాలంటే ఇదే చూడమంటాను. ఇది కూడా కోట నుంచి నడిచే దూరమే. 1919 ఫిబ్రవరి 5న మొదలైంది, మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. ఆ ఏడే ద్వారం వెంకటస్వామినాయుడు 26 ఏళ్ల వయసులో వయొలిన్ ఆచార్యుడిగా చేరారు, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల ఇక్కడే నేర్చుకున్నారు, పి. సుశీల ఇక్కడే చదివారు. ఇన్ని పేర్లు ఒకే ఇంటి నుంచి వచ్చాయంటే గోడకి తగిలించిన ఫొటోలు చూసి వచ్చేస్తే ఎలాగండీ. అక్కడ వినాలి. పని రోజున వెళ్లి, ముందు ఆఫీసులో అడిగి, వరండాలో పిల్లలతో పావుగంట కూర్చోండి. ఒక గదిలోంచి సరళీ స్వరాలు, పక్క గదిలోంచి మృదంగం, ఇంకో గదిలోంచి కాలి గజ్జెలు వినిపిస్తాయి. తరగతి మధ్యలో తలుపు తీసుకుని వెళ్లకూడదు, ఫోన్‌లో రికార్డు చేయకూడదు. ఆదివారాలూ సెలవు రోజులూ వస్తే భవనం తప్ప ఏమీ దొరకదు. ఇక్కడ ఏ రోజు ఉంటారన్నది మిగతా అన్నిటికంటే దీన్ని చూసి నిర్ణయించుకోండి. జనవరి, ఫిబ్రవరి ప్రాంతంలో పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన వస్తుంది, ఆ రోజుల్లో ఊళ్లో కచేరీలు ఉంటాయి. సాయంత్రం దాకా ఉండగలిగితే ఆనందగజపతి ఆడిటోరియంలో నాటకమో హరికథో ఉందేమో కనుక్కోండి.

ఈపాటికి పదకొండున్నర, పన్నెండు అవుతుంది. ఆటోలో గంటస్తంభానికి రండి. 1885లో కట్టిన రాతి స్తంభం, ఎనిమిది పలకలు, 68 అడుగుల ఎత్తు. ఊరికి మునిసిపాలిటీ వచ్చింది 1888లో, అంటే గడియారం దానికంటే ముందే వచ్చింది. దీన్ని చూడ్డానికి రెండు నిమిషాలు చాలు, కానీ చుట్టూ ఉన్న బజారుకి గంట పడుతుంది. మహాత్మాగాంధీ రోడ్డులో పట్టు, బంగారం కొట్లు. లోపలి సందుల్లో ఉల్లివీధి వైపు కిరాణా టోకు కొట్లు, ఎండుమిర్చి, చింతపండు బస్తాలు. చింతపండు ఇక్కడ కొనుక్కోండి, ఏజెన్సీ నుంచి వస్తుంది, గింజ తీసింది, తీయనిది రెండూ దొరుకుతాయి. మాఘ ఫాల్గుణాల తర్వాత వచ్చేది కొత్త చింతపండు, ఎర్రగా ఉంటుంది. నల్లగా మెత్తగా ఉన్నది పోయినేటి సరుకు. కొట్టువాళ్లు అబద్ధం చెప్పరు, అడిగితే ఏది ఏదో చెప్తారు.

వేసవి చివర వస్తే భీమాలి తాండ్ర అడగండి. భీమాలి విజయనగరం జిల్లాలోనే లక్కవరపుకోట మండలంలో ఉన్న ఊరు. మామిడి రసాన్ని బెల్లంతోనో పంచదారతోనో కలిపి చాపల మీద ఒక పొర పోసి, అది ఎండాక ఇంకో పొర, అలా రోజుల తరబడి పోస్తారు. అంచు విరిచి చూస్తే పొరలు లెక్కపెట్టేలా కనపడాలి. పొరలు లేకుండా ముద్దలా సాగితే సరిగా ఎండలేదని అర్థం, నెల తిరక్కుండా బూజు పడుతుంది. మరీ నారింజ రంగులో మెరిసిపోతుంటే రంగు కలిపారనుకోవాలి. బెల్లపు తాండ్ర ముదురు రంగుకి తిరుగుతుంది, అది సహజమే.

భోజనానికి స్టేషన్ రోడ్డులో, గంటస్తంభం చుట్టూ మామూలు మీల్స్ హోటళ్లు ఉన్నాయి, ఫలానాది అని చెప్పను. పొద్దుటి టిఫిన్‌లో పూరీతో, ఇడ్లీతో బొంబాయి చట్నీ వేస్తారు, శనగపిండితో చేసేది, పిల్లలకి నచ్చుతుంది. కూరలు, పులుసుల్లో కాస్త బెల్లం తగులుతుంది, ఈ ప్రాంతపు అలవాటది. గుంటూరు కారం అలవాటైనవాళ్లకి చప్పగా అనిపిస్తే ఊరగాయ వేయించుకోండి. ఎండాకాలం చోడి అంబలి (రాగి అంబలి) బళ్లు ఉంటాయి, ఉల్లిపాయ, పచ్చిమిర్చితో ఇస్తారు. పెద్దవాళ్లకి కూల్‌డ్రింకు కన్నా అదే మేలు, కాకపోతే నీళ్లు ఎక్కడివో చూసుకోవాలి.

మధ్యాహ్నం ఒంటి గంట నుంచి మూడున్నర దాకా తిరగొద్దు. అమ్మగారికి నడుం వాల్చే చోటు కావాలి కదా, ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల కొన్ని గంటలకి గది ఇచ్చే లాడ్జీలున్నాయి, స్టేషన్‌లో విశ్రాంతి గదులు ఖాళీ ఉన్నాయేమో ముందే చూసుకోవచ్చు. నాలుగు గంటలకి అయ్యకోనేరు గట్టు. ఊళ్లో జనం సాయంత్రం కూర్చునేది ఇక్కడే. కోనేటి చుట్టూ పాత పెంకుటిళ్లు ఇంకా కొన్ని మిగిలాయి, అరుగులున్న ఇళ్లు. గట్టు చుట్టూ ఒక ప్రదక్షిణం చేస్తూ ఆ ఇళ్ల దూలాలు, గుమ్మాల చెక్కడం చూడండి. ఇంట్లోవాళ్లు కనపడితే పలకరించి ఫొటో తీసుకోండి. పిడతకింద పప్పు, పునుగుల బళ్లు చీకటి పడే వేళకి వస్తాయి. టైము మిగిలితే బాబామెట్ట మీద ఖాదర్ వలీ బాబా దర్గాకి వెళ్లిరండి, అన్ని మతాలవాళ్లూ వెళ్తారు. క్రికెట్ పిచ్చి ఉన్న పిల్లాడైతే విజ్జీ స్టేడియం చూపించండి. 1936లో ఇంగ్లండులో భారత జట్టుకి కెప్టెన్సీ చేసిన విజ్జీ ఈ రాజవంశం వాడే.

సిరిమాను సంగతి.

తేదీ పంచాంగంలో వెతకక్కర్లేదు. విజయదశమి అయ్యాక వచ్చే మొదటి మంగళవారం సిరిమాను, ముందు రోజు సోమవారం తొలేళ్లు. తర్వాతి మంగళవారం పెద్ద చెరువులో తెప్పోత్సవం. చెట్టు ఎక్కడుందో అమ్మవారు పూజారికి కలలో చెప్తుందని నమ్మకం. అది చింతచెట్టే అయి ఉండాలి. సిరిమానుకి ఒకటి, ఇరుసుమానుకి ఒకటి చూస్తారు. ఆ ఊళ్లో పూజలు చేసి, కొట్టి, హుకుంపేటకి తెచ్చి వడ్రంగులు చెక్కుతారు. యాభై అడుగులు దాటే మాను అది, మొదలు లావుగా, కొన సన్నగా. బండి మీద ఇరుసుకి బిగించి కొన పైకి లేపుతారు, ఆ కొన దగ్గర కట్టిన ఆసనంలో పూజారి కూర్చుంటారు. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, జాలరి వల వెళ్తాయి. జాలరి వల ఎందుకంటే విగ్రహాన్ని చెరువులోంచి తీసింది వల పట్టినవాళ్లు కాబట్టి. జనం అరటిపళ్లు మాను మీదికి విసురుతారు.

మీ పరిస్థితికి జవాబు: పదేళ్ల లోపు పిల్లలతో, పెద్దావిడతో మంగళవారం రోడ్డు మీదికి వద్దు. లక్షల్లో జనం వస్తారు, దారి కిలోమీటరు లోపే, మధ్యాహ్నం తర్వాత ఎటూ కదలలేరు. ఆ దారిలో మేడ మీద చోటిచ్చే చుట్టాలో స్నేహితులో ఉంటేనే రండి, వాళ్ల ఇంటికి పదకొండు లోపే చేరిపోండి. తర్వాత పోలీసులు దారులు మూసేస్తారు, ఆటోలు ఊరి బయటే ఆగిపోతాయి. మీరొక్కరే వస్తే గుడికీ కోటకీ మధ్యలో, తిన్నగా ఉన్న చోట నిలబడండి. కోట ముందు, గుడి ముందు మాను తిరిగే చోట నిలబడకూడదు. మొదలు కాస్త పక్కకి కదిలితే అంత పొడుగు మాను కొన చాలా దూరం వీస్తుంది, దానితో పాటు తాళ్లు పట్టినవాళ్లు ఒక్కసారి వెనక్కి జరుగుతారు, తొక్కిసలాట జరిగేది అక్కడే. అరటిపండు తొక్కల మీద కాళ్లు జారతాయి, పట్టున్న చెప్పులు వేసుకోండి. ఫోన్లు పనిచేయవు, ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి, పిల్లల జేబులో నంబరు రాసిన చీటీ పెట్టండి. సిరిమాను మొదలయ్యే వేళ ఏటా ఒకటే ఉండదు, మూడు గంటలన్నది ఐదు కావచ్చు. మూడు తిరుగుళ్లూ అయ్యేసరికి చీకటి పడుతుంది, చివరి బండికి టికెట్ తీసుకుంటే దొరకడం కష్టం, రాత్రికి ఊళ్లోనే ఉండేలా రండి.

కుటుంబంతో వచ్చేవాళ్లకి తెప్పోత్సవం సరిగ్గా సరిపోతుంది. జనం ఉంటారు కానీ చెరువు పెద్దది, గట్టు పొడుగు, పిల్లల్ని ఎత్తుకుని చూడొచ్చు, స్టేషన్ కూడా దగ్గర. ఓపిక ఉంటే తొలేళ్ల రాత్రి చూడండి. ఘటాలు డప్పులతో కోటకి వెళ్తాయి, రైతులకి విత్తనాలు పంచుతారు. ఆ విత్తనం పొలంలో చల్లితే పంట బాగుంటుందని చుట్టుపక్కల ఊళ్ల నుంచి రైతులు రాత్రంతా కాచుకుంటారు. సిరిమాను కన్నా అది నాకు ఎక్కువ ఇష్టం.

రెండో రోజు దొరికితే రామతీర్థం. ఊరికి పన్నెండు కిలోమీటర్లు, నెల్లిమర్ల మీదుగా బస్సులు, ఆటోలు ఉన్నాయి. కింద రామస్వామి గుడి అమ్మగారికి సులువు, కొండ మీది కోదండరామాలయానికి మెట్లెక్కాలి. దాన్ని 2022లో కొత్తగా కట్టి తెరిచారు. అసలు సంగతి పక్క కొండల మీద ఉంది. గురుభక్తులకొండ మీద సన్నటి గట్టులాంటి చోట ఇటుక చైత్యాలు, విహారాల పునాదులు వరసగా ఉంటాయి, 1910 ప్రాంతంలో అలెగ్జాండర్ రే తవ్వించాడు. దుర్గకొండ గుహలో జైన శిల్పాలు, 11వ శతాబ్దపు మొదట్లో చాళుక్య విమలాదిత్యుడి కాలపు శాసనం ఉన్నాయి. బౌద్ధం, జైనం, రాముడు ఒకే ఊరి కొండల మీద ఉండటం ఇక్కడి విశేషం. వీటికి దారి సరిగా గుర్తు ఉండదు, ఊళ్లో కుర్రాణ్ణి తోడు తీసుకోండి. పైన నీళ్లు దొరకవు, మనిషికి రెండు లీటర్లు మోసుకెళ్లాలి, పది లోపు దిగిపోవాలి. వానాకాలంలో బండ పాచి పట్టి జారుతుంది, అప్పుడు వద్దు. తిరిగొచ్చే దారిలో సారిపల్లి దిబ్బేశ్వరాలయం చిన్నదే, ఆగండి.

రైల్లో పోదామంటే రెండు దారులు. శ్రీకాకుళం వైపు పాసింజరులో పొందూరు దిగితే సన్నఖద్దరు. పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి వడికే చోటు అది. రాయపూర్ లైనులో బొబ్బిలి దిగితే పక్కనే గొల్లపల్లి, వీణలు చేసే ఊరు. పనస మాను ఒకే దుంగలోంచి కుండ, దండి తొలిచిన వీణని ఏకాండి వీణ అంటారు. కొనేటప్పుడు కుండా దండీ కలిసే చోట అతుకు గీత ఉందేమో వేలితో తడిమి చూడండి. 24 మెట్లూ మైనం మీద కూర్చుని ఉంటాయి, ఒక్కో మెట్టు మీదా తీగ నొక్కి వాయించి చూపించమనండి, ఎక్కడా బరబర శబ్దం రాకూడదు. తీసుకెళ్లేటప్పుడు ఎండలో నిలిపిన కారులో ఉంచకండి. మైనం మెత్తబడి మెట్లు పక్కకి జరిగితే మళ్లీ మేళం కట్టించాల్సిందే, ఆ పని తెలిసినవాళ్లు మీ ఊళ్లో దొరకడం కష్టం. పిల్లల కోసం అయితే బొమ్మ వీణలు అక్కడే చేస్తారు, అవి సంచీలో పట్టేస్తాయి.